మరువ పారిన నీళ్లు

మా అనంతపురం వైపు చెరువు నిండిందా అని ఎవరూ అడగరు. "మరువ పారిందా?" అంటారు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు, కట్ట తెగకుండా, పక్కనుంచి దిగిపోవడానికి రాళ్లతో కట్టినదే మరువ. తెలంగాణలో దీన్నే అలుగు అంటారు, నెల్లూరు వైపు కలుజు. ఏ ఏడైనా బుక్కపట్నం చెరువు మరువ పారుతోందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని బండిమీద కూర్చోబెట్టుకొని చూడ్డానికి పోతారు. అనంతపురం పేరే అనంతసాగరం అనే చెరువు నుంచి వచ్చిందని చెబుతారు. విజయనగర రాజుల కాలంనుంచీ ఈ నేల మీద చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మరువ పారితే కింది చెరువుకు నీళ్లు వస్తాయి. కింది చెరువు ఎండిపోయిందని పై చెరువు తూము ఎత్తేసే నీరుగంటిని, అంటే నీళ్లు పంచే మనిషిని, నేను చూళ్లేదు. అట్లా చేస్తే రెండు ఆయకట్టులూ ఎండుతాయని వాడికి తెలుసు.

ఉద్యోగం చేసుకుంటూ పక్కన వ్యాపారం మొదలుపెట్టే మనలాంటి వాళ్లం మాత్రం మొదటి రెండేళ్లలోనే జీతం అనే పై చెరువు తూము ఎత్తేస్తాం. నేనూ ఎత్తాను. ఆ కథ కాసేపాగి చెబుతాను.

ముందు, ఈ పీఠభూమి మీద రెండో ఆదాయం అంటే ఎందుకంత ఆశో చూద్దాం. ఇక్కడ ఏడాదికి సగటున 550 చిల్లర మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే దులుపుకొని వస్తాయి, ఈశాన్యం మేఘాలు తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి వట్టిపోతాయి. అట్లాంటి నేల మీద ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఒక్క వేరుశనగే వేశారు. జిల్లా జిల్లా అంతా ఒకే పంట, ఒకే వాన, ఒకే నెలలో అదృష్టం. కానీ అదే పొలంలో పాతకాలపు రైతు శెనక్కాయ సాళ్ల మధ్య అక్కడక్కడా ఒక కంది సాలు వదిలేవాడు. శెనక్కాయ నాలుగు నెలల లోపు పంట, ఊడ దిగే రోజుల్లో వాన ఎగ్గొడితే పోయినట్టే. కంది వేరు లోతుకు పోతుంది, వెనకాల పడే వాన కూడా దానికి పనికొస్తుంది. కాయ పోయిన ఏడాది కూడా శెనక్కాయ కట్టె పశువులకు మేత. అంటే ఒక పంట పోతే ఇంకో చెయ్యి అడ్డం పెట్టడం మనకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పొలం, పొలం ఉన్న ఇంట్లో గొర్రెలు, గొర్రెలున్న ఇంట్లో బెంగళూరు పోయిన కొడుకు.

ఇప్పుడు ఆ ఇళ్లలోకి నెలజీతం వచ్చింది. 2017లో కియా ఒప్పందం, 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికి రావడం, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. గుంతకల్లులో రైల్వే డివిజను ఎప్పటినుంచో ఉంది. స్కూళ్లు, ఆసుపత్రులు, సచివాలయాలు, బ్యాంకులు. వాన పడకపోయినా ఒకటో తారీఖున ఫోను మోగుతుంది. ఇది మన తాతలు కలలో కూడా చూడని సౌకర్యం. దాన్ని దేనికి వాడాలన్నదే అసలు ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. జీతాన్ని పెట్టుబడిగా చూడకండి, ఓపికగా చూడండి. పూర్తికాలం అంగడి నడిపేవాడికి లేనిది, మీకున్నది ఒక్కటే: ఈ నెల అమ్ముడుపోకపోయినా మీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ధర బాగాలేకపోతే ఆగగలరు. మోసం చేసే కొనుగోలుదారుడికి 'వద్దులే' అనగలరు. ఈ బలాన్ని పోగొట్టే పని ఏదైనా, పైకి ఎంత తెలివిగా కనిపించినా, చేయకూడదు.

దారిలో ఉన్న వ్యాపారం

1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన గుజరాత్ ప్రభుత్వ భూగర్భ గనుల శాఖలో కెమిస్టు. ఇంటి పెరట్లో బట్టల సోడా పొడి కలిపి, సంచుల్లో కట్టి, సైకిలు మీద పెట్టుకొని ఆఫీసుకు పోయే దారిలో ఇంటింటికీ అమ్మేవాడు. కిలో మూడు రూపాయలు. పేరున్న పొడి అప్పట్లో అంతకు నాలుగింతల ధర. కూతురు నిరుపమ పేరు మీద దానికి నిర్మా అని పేరు పెట్టుకున్నాడు. ఉద్యోగం మానేసింది ఇంచుమించు మూడేళ్ల తర్వాతే.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఆయన పట్టుదల గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ సైకిలు దారి మీదే చూపు. ఆయన వ్యాపారం కోసం వేరే దారి తొక్కలేదు, ఉద్యోగం ఎట్లాగూ తొక్కిస్తున్న దారినే వ్యాపారానికి వాడుకున్నాడు. చేతిలో ఉన్న విద్య కెమిస్ట్రీ, కలిపింది కూడా కెమిస్ట్రీయే. ఉద్యోగానికి రోజుకు తొమ్మిది గంటలు ఇచ్చేవాడికి కొత్త దారి, కొత్త విద్య రెండూ ఒకేసారి నేర్చుకునే తీరిక ఉండదు.

కాబట్టి "ఏ వ్యాపారం పెడితే లాభం?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది, "నువ్వు రోజూ ఏ దారిన పోతావప్పా?" అని. హిందూపురం నుంచి పెనుకొండకు కంపెనీ బస్సులో పోయేవాడి దారి వేరు. అనంతపురం సాయినగర్‌లో ఆఫీసుకు నడిచి పోయేవాడి దారి వేరు. శని, ఆదివారాలు బెంగళూరులో అక్క ఇంటికి పోయేవాడి దారి ఇంకా మేలు. అక్కడ మన జిల్లావాళ్లు ఎంతమంది ఉన్నారో, ఊరి నూనె కోసం, శెనగ పొడి కోసం, జొన్న రొట్టెల కోసం ఎంత మొహం వాచి ఉన్నారో వాళ్ల గదుల్లో ఒక పూట తింటే తెలుస్తుంది.

ఇంకో తేడా ఉంది, దాన్ని నేను ఆలస్యంగా గమనించాను. వ్యాపారాలు రెండు రకాలు. గడియారం చూసుకొని నడిచేవి కొన్ని, క్యాలెండరు చూసుకొని నడిచేవి కొన్ని. ఉగ్గాని, బజ్జీ బండి గడియారం వ్యాపారం. పొద్దున ఆరుకల్లా బొరుగులు నానాలి, మిరపకాయలు చీల్చాలి, తొమ్మిదికి అంతా అయిపోవాలి. ఒక్క రోజు మీరు లేకపోతే మర్నాడు గిరాకీ పక్క బండి దగ్గర ఉంటుంది. పాడి కూడా అంతే. నాకు తెలిసిన ఒకాయన షిఫ్టు ఉద్యోగంలో ఉండి రెండు సీమ ఆవులు కొన్నాడు. వారం మారితే షిఫ్టు మారుతుంది, ఆవుకు షిఫ్టు తెలియదు. చివరికి పాలు పిండింది ఆయన తల్లి, అరవై దాటిన మనిషి. ఏడాది తిరక్కముందే ఆవుల్ని అమ్మేశాడు, సంతలో కొన్న ధరకు సగమే వచ్చింది. నూనె, పచ్చళ్లు, పొడులు, పట్టుచీరలు, చింతపండు, విత్తనాల శుద్ధి, టైలరింగు ఇవన్నీ క్యాలెండరువి. ఈ వారం కాకపోతే వచ్చే వారం. షిఫ్టు ఉద్యోగానికి ఇవే సరిపోతాయి. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా 44వ నంబరు హైవే మీద మోటారుసైకిలు ఎక్కి సరుకు ఇవ్వడానికి పోయేవాళ్లను చూస్తుంటాను. ఆ పని మాత్రం వద్దు. సరుకు రేపు పోయినా పాడవదు.

ఒక లీటరు

మాది గానుగ నూనె. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి, నా భార్య ఇంట్లోనే ఉండి ట్యూషన్లు చెప్పేది. మా మామగారి ఊళ్లో శెనక్కాయ పండుతుంది, మా వీధి చివర ఒక కట్టె గానుగ ఉంది. దారి, విద్య అన్న నా సిద్ధాంతం ప్రకారం అన్నీ కుదిరినట్టే.

ఒక లీటరు లెక్క మీ ముందు విప్పుతాను. గానుగలో లీటరు నూనె దిగాలంటే రెండున్నర కిలోల పప్పు పోయాలి. ఆ ఏడాది మాకు మంచి పప్పు కిలో 120 పడింది, అంటే 300. పిండగా మిగిలిన చెక్క ఇంచుమించు కిలో నాలుగు వందల గ్రాములు, గేదెలున్నవాళ్లు కిలో 35కు పట్టుకుపోతారు, 49 తిరిగి వచ్చింది. మిగిలిన ఖర్చు 251. ఆడించిన కూలి 30. సీసా, మూత, కాగితం 18. పెట్రోలు 6. మొత్తం 305. అమ్మిన ధర 340. లీటరుకు మిగిలింది 35 రూపాయలు.

నెలకు 40 లీటర్లు అమ్మేవాళ్లం. ముప్పై అయిదు నలభైలు పద్నాలుగు వందలు. నవ్వకండి. మొదటి ఆరునెలలు ఈ లెక్క వేయకుండానే మేము చాలా గొప్పగా ఉన్నాం అనుకున్నాం, ఎందుకంటే చేతిలో నోట్లు తిరుగుతున్నాయి. నెలకు 13,600 అమ్మకం కనబడుతుంటే అదే ఆదాయం అనిపిస్తుంది. ఉద్యోగస్తుడికి ఈ భ్రమ మరీ ఎక్కువ. జీతంలో వచ్చిందంతా మనదే కాబట్టి వ్యాపారంలోనూ వచ్చిందంతా మనదే అనుకుంటాడు.

ఆ లెక్కలో దాగిన ఇంకో దెబ్బ బాకీ. ఒక లీటరు డబ్బు మునిగితే మనకు పోయింది 305. ఆ గుంత పూడ్చడానికి ఇంచుమించు తొమ్మిది లీటర్ల లాభం కావాలి. నేను నూనె ఎక్కువగా అమ్మింది ఆఫీసులోనే. కింది సొరుగులో సీసాలు, మధ్యాహ్నం భోజనాల వేళ చేతులు మారేవి. "జీతం పడ్నాక ఇస్తాలే అన్నా" అనేవాళ్లు. మాకు పైన ఒక సారు నెలకు రెండు లీటర్లు తీసుకొని, "నా లెక్కలో రాసుకో" అనేవాడు. ఆ లెక్క ఎక్కడుందో ఆయనకే తెలియాలి. అడిగితే ఇంక్రిమెంటు గుర్తొస్తుంది, అడక్కపోతే తొమ్మిది లీటర్లు గుర్తొస్తాయి. ఏడాది చివర్లో ఒక క్లర్కు నవ్వుతూ, "ఏమప్పా, ఫైలు గూడా నూనె వాసనొస్తాండాది" అన్నాడు. ఆ రోజునుంచి ఆఫీసులో అమ్మడం మానేశాను. ఉద్యోగం దారిని వాడుకోండి, ఉద్యోగం బల్లను కాదు. అక్కడ మీరు అమ్మేవాళ్లూ కాలేరు, స్నేహితులూ కాలేరు.

ఇప్పుడు ఓపిక మాటకు వస్తాను. మా పప్పు కొనుగోలు నెలనెలా జరిగేది, అంగట్లో ఆ రోజు ధరకు. అదే శెనక్కాయ కార్తీకంలో కల్లాల మీద ఉన్నప్పుడు, కూలీకి, అప్పుకు డబ్బు కావాలని రైతులంతా ఒకేసారి అమ్మేటప్పుడు, పప్పు లెక్కన కిలో 100 దాకా పడేది. కిలోకు 20 తేడా అంటే లీటరుకు 50. ఇంట్లో నిల్వ పెడితే ఎండు తరుగు, పురుగు తరుగు పోను 40 నికరంగా మిగిలింది. అంటే లీటరుకు 35 ఉన్నది 75 అయింది. మేము రాత్రులు సీసాలు కడిగి, నింపి, మోసి సంపాదించింది 35. ఏమీ చేయకుండా ఆరునెలల సరుకు ముందే కొని పెట్టుకొని ఆగినందుకు వచ్చింది 40. ఈ 40 జీతం ఇచ్చింది. అప్పు తెచ్చి కొన్నవాడికి అది వడ్డీకి పోతుంది, జీతంలో నెలనెలా మిగిల్చి కొన్నవాడికి మిగులుతుంది. మరువ మీద పారిన నీళ్లంటే నా ఉద్దేశం ఇదే. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు, అత్యవసరానికి పక్కన పెట్టింది, ఇవన్నీ నిండాక పొర్లింది ఎంతో అంతే వ్యాపారానికి. మా ఇంట్లో అది నెలకు 5,000. పన్నెండు నెలలకు 60,000. సరిగ్గా ఆ డబ్బుతోనే కార్తీకంలో ఆరునెలల సరుకు కొన్నాం.

నిల్వ గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడే చాలామంది మునుగుతారు. పప్పుగా నిల్వ పెట్టకండి, కాయగానే పెట్టండి. పొట్టే దానికి కవచం. కాయ ఊపితే లోపల గింజ గలగలమనేదాకా ఎండాలి. తడి ఉంటే బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. పంట చివర్లో వాన ఎగ్గొట్టిన ఏళ్లలో ఈ బూజు మరింత ఎక్కువ, అంటే మన జిల్లాలో తరచూ. ముడుతలు పడ్డవి, రంగు మారినవి, మొలక వచ్చినవి కూర్చొని ఏరెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో పంఖా కింద పాత చీర పరిచి ముగ్గురం ఏరేవాళ్లం. మా అబ్బాయి తిన్నవి కూడా తరుగులోనే రాయమని నా భార్య అనేది.

నూనె దిగిన రోజు అది నూనెలాగే ఉండదు, మురికి మట్టినీళ్ల రంగు. స్టీలు డ్రమ్ములో పోసి గుడ్డ కట్టి రెండు మూడు రోజులు కదపకుండా వదిలేస్తే మడ్డి అడుక్కు దిగుతుంది. ఆ మూడు రోజులు ఆగలేక మొదట్లో రెండో రోజే సీసాల్లో పోసేవాళ్లం. ఒక పెద్దావిడ సీసా తెచ్చి అడుగున ఉన్న మడ్డి చూపించి, "ఇదేందమ్మా, నూనెలో నూకలు?" అంది. ఆమె డబ్బు తిరిగి ఇచ్చాం. తర్వాత అయిదేళ్లు ఆమె మాకే గిరాకీ.

తూము ఎత్తిన ఏడాది

రెండో ఏడాది నాకు తెలివి పెరిగింది. ఆడించే కూలి లీటరుకు 30 ఎవరికో ఎందుకివ్వాలి, సొంత గానుగ పెడితే పోలేదా అనుకున్నాను. జీతం చూపిస్తే బ్యాంకువాళ్లు వ్యక్తిగత అప్పు రెండు లక్షలు రెండు రోజుల్లో ఇచ్చారు. వ్యాపారం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. 13 శాతం వడ్డీ, మూడేళ్లు, నెలకు 6,700 పైచిలుకు కంతు.

ఇప్పుడు లెక్క చూడండి. సొంత గానుగతో కూలి మిగిలినా కరెంటు, రిపేర్లు పోను లీటరుకు 20 కలిసొస్తుంది. అంగట్లో పప్పు కొంటే 35కు 20 కలిపి 55. కంతు కట్టడానికే నెలకు 122 లీటర్లు అమ్మాలి. మేము అమ్ముతున్నది 40. అయినా కొన్నాను, ఎందుకంటే 122 అమ్మేస్తాం అనుకున్నాను. ఈ 'అనుకున్నాను' మన జిల్లాలో కొత్త కాదు. మూడు వందల అడుగుల్లో పడని నీళ్లు ఐదు వందల్లో పడతాయనుకొని, మొదటి బోరు అప్పు తీర్చడానికి రెండో బోరు వేసినవాళ్లను మనమంతా చూశాం.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. కంతు రోజు దగ్గర పడేకొద్దీ అడిగినవాడికల్లా అప్పుగా పోశాను, ఒక అంగడికి ఖర్చు కంటే తక్కువ ధరకు కూడా ఇచ్చాను. కార్తీకంలో కాయ కొనడానికి డబ్బు లేదు, అంటే ఆ 40 రూపాయల ఓపిక లాభం పోయింది. రాత్రి పదకొండు దాకా గానుగ తిరిగేది, పొద్దున ఆఫీసులో అంకెలు రెండుసార్లు తప్పు రాశాను. తొమ్మిది నెలలకు గానుగను పాత సామాను ధరకు అమ్మి, మిగిలిన అప్పు రెండేళ్లు జీతంలో కట్టాను. యంత్రం తప్పు కాదు. నెలకు 150 లీటర్ల గిరాకీ చేతిలో ఉన్నవాడికి అదే గానుగ బంగారం. గిరాకీ ముందు రావాలి, యంత్రం తర్వాత. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పెట్టే హద్దు ఇది: మొదటి మూడేళ్లు జీతం చూపించి తెచ్చిన అప్పు ఒక్క రూపాయి వద్దు. అప్పు కావాల్సిందే అయితే వ్యాపారాన్ని చూసి ఇచ్చే అప్పు, ముద్రా రుణం లాంటిది, తీసుకోండి. అక్కడ అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు లేకపోతే అదే మీకు జవాబు.

కాగితాల సంగతి

ప్రభుత్వ ఉద్యోగులు ఈ భాగం దాటేయకూడదు. రాష్ట్ర ఉద్యోగులకూ, కేంద్ర ఉద్యోగులకూ 1964 నాటి ప్రవర్తనా నియమావళులు ఉన్నాయి, గుంతకల్లు రైల్వేవాళ్లకు 1966ది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడం వాటి ప్రకారం తప్పు. ప్రైవేటులో అయితే నియామక పత్రం చివరి పేజీలు చదవండి, వేరే పని చేయరాదని అక్కడ చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. చాలామంది అడిగే ఉపాయం, "భార్య పేరు మీద పెడితే?" అని. ఆమె నిజంగా నడిపితే అది ఆమె వ్యాపారమే. లెక్క ఆమె ఖాతాలో, నిర్ణయం ఆమె నోట్లో, లాభం ఆమె చేతిలో. మీరు ఆఫీసు నుంచి ఫోనులో నడుపుతూ బోర్డు మీద మాత్రం ఆమె పేరు రాస్తే అది తెర. తెర ఎప్పుడో గాలికి లేస్తుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ఉద్యమ్ నమోదు ఉచితం, డబ్బడిగే ఏజెంటు అక్కర్లేదు. తినే సరుకైతే ఆహార భద్రత నమోదు కావాలి. నూనె విడిగా, కొనేవాళ్ల సీసాలో కొలిచి పోయడానికి నిబంధన ఒప్పుకోదు, సీలు వేసి, కాగితం అంటించి ఇవ్వాలి. జీఎస్టీలో హిందూపురం వాళ్లు జారే చోటు ఒకటుంది. ఇది రాసే నాటికి ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా నమోదు అక్కర్లేదు. కానీ సరుకు రాష్ట్రం దాటిస్తే ఆ మినహాయింపు ఉండదు. బెంగళూరు వాళ్లకు వంద కిలోమీటర్లే కావచ్చు, పన్ను చట్టానికి అది వేరే రాష్ట్రం. ఆదాయపు పన్నులో జీతానికి కంపెనీ కోసేది జీతం పన్ను మాత్రమే. వ్యాపారం మీద వచ్చింది కలిపి చూపించాలి. చిన్న వ్యాపారులు పూర్తి లెక్కల పుస్తకాలు లేకుండా అమ్మకంలో నగదుకు 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం ఆదాయంగా చూపించే వెసులుబాటు ఉంది. దానికోసమైనా వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి.

ఎవరి చేతులు

భార్య మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క నేనే ఒప్పుకోవాలి. ఒకరోజు ఆమె నోటుపుస్తకంలో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసింది. వారానికి నావి ఆరు, ఆమెవి పందొమ్మిది. నేను బయట "నా సైడ్ బిజినెస్" అని చెప్పుకుంటున్నాను. ఉద్యోగమూ వ్యాపారమూ రెండూ మోస్తున్నానని నాకు జాలి కూడా ఉండేది. మోస్తున్నది వేరే మనిషి. వ్యాపార సలహాల పుస్తకాల్లో 'పొద్దున నాలుగింటికి లేవండి' అని రాసేవాళ్లు, ఆ నాలుగింటికి పాలు కాచేది ఎవరో రాయరు. ఆ నోటుపుస్తకం తర్వాత మా ఏర్పాటు మారింది. ఖాతా ఆమె పేరున, ధర ఆమె చెప్పిందే, నెలకు ఎన్ని లీటర్లు అన్నది కూడా ఆమె చెప్పిందే. ఆమె చెప్పింది 40. గానుగ అమ్మేశాక కూడా 40 దాటలేదు. నా సెలవుల్లో నాలుగు కార్తీకానికి దాచేవాణ్ణి, కాయ కొని, ఎండబెట్టి, మూటలు కట్టడానికి. మిగతా ఏడాది ఆదివారం ఒక పూటే నా వంతు.

ఉద్యోగం ఎప్పుడు మానాలి అని అడుగుతారు. మానాలని ఎవరన్నారు? అయినా అడిగేవాళ్లకు నేను చెప్పేది, మంచి ఏడు చూసి మానొద్దు. మన నేల మీద మంచి ఏడు అతిథి, చెడ్డ ఏడు అల్లుడు. పంట పోయి కాయ ధర చుక్కలంటిన ఏడాది కూడా మీ వ్యాపారం తన ఖర్చు తాను మోసిందా, ఆఫీసువాళ్లు, బంధువులు కాకుండా కొనేవాళ్లు సగానికి పైగా ఉన్నారా, ఇంటి ఖర్చు ఏడాదికి సరిపడా విడిగా ఉందా అని చూసుకోండి. ఆ మూడింటికీ అవునన్న జవాబు వచ్చేదాకా రాజీనామా కాగితం సొరుగులోనే ఉండనివ్వండి. నా కాగితం ఇంకా అక్కడే ఉంది, ఇప్పుడు ఆ సొరుగులో నూనె సీసాలు మాత్రం లేవు.

మొన్న మార్గశిరంలో బెంగళూరు నుంచి ఫోను. పెనుకొండ ప్రాంతం మనిషి, బెంగళూరులోనే ఇల్లు కట్టుకున్నాడు, కూతురి పెళ్లి. సరుకు మనిషిని పంపి ఇక్కడే తీసుకుంటాడట, నలభై లీటర్లు ఒకేసారి కావాలన్నాడు. ధర లీటరుకు పది ఎక్కువైనా పర్వాలేదన్నాడు. నేను ఫోను పట్టుకొని అప్పుడే లెక్కలు కడుతున్నాను, నెలవారీ గిరాకీలను వచ్చే నెలకు జరిపితే, రెండు రాత్రులు అదనంగా కూర్చుంటే అని. నా భార్య డ్రమ్ము పక్కన కూర్చొని గుడ్డ ముడి విప్పుతోంది. చెయ్యి తుడుచుకొని ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"ఇరవై ఇస్తామన్నా. మాకు నెలనెలా కొనేవాళ్లుండారు కదా, వాళ్లకు లేదనలేం. మిగతా ఇరవై సంకురాత్రి దాటినాక."

అవతలాయన ఏదో అన్నాడు. ఆమె నవ్వింది.

"పెళ్లి ఎప్పుడన్నా? మాఘంలో కదా. ఇంకేం, అందుతుంది లే."